హ్యాంగ్ ఆన్ అంటే ఉండమని

“హ్యాంగ్ ఆన్, లవ్” అంది ముసలావిడ. కెటిల్ పొయ్యి మీద పడేసి, మేడ మీదికెళ్ళి బిల్లు తెచ్చి, అందులో నంబరు చూసి చెప్తానంది. రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు, మెత్తటి చెప్పులు నేల మీద ఈడ్చిన చప్పుడు, ఎక్కడో కుళాయి తిప్పిన చప్పుడు, ఆ తర్వాత చెక్కమెట్లు ఒక్కొక్కటే మూలగడం, అన్నీ సుందరి చెవిలో పడ్డాయి. సాల్ట్‌లేక్‌లో అద్దాల భవనం, వరసగా అరల్లాంటి బల్లలు, ప్రతి బల్ల దగ్గరా తలకి హెడ్‌సెట్ తగిలించుకుని ఒక మనిషి. ఇంగ్లండులో ఒక గ్యాసు కంపెనీకి ఫోను చేసినవాళ్ళకి కలకత్తాలో కూర్చుని జవాబు చెప్పే ఉద్యోగం. ఇక్కడ మధ్యాహ్నం భోజనాలైపోయి కళ్ళు మూతలు పడుతున్నాయి. మిసెస్ ప్రిచర్డ్ అనే ఆ ముసలావిడ ఊళ్ళో మాత్రం ఇంకా పొద్దున్నే. రాత్రంతా ఇల్లు చల్లబడి ఉంటుంది. హాల్లో ఒక గోడ గడియారం ఉన్నట్టుంది, దాని టిక్కుటిక్కు కూడా వినిపిస్తోంది. ఎంత దూరంలో ఉన్న గడియారమో, ఎవరి ఇంటి గోడో, ఆ చప్పుడు నేరుగా తన చెవి లోపలికి వస్తోంది.

హ్యాంగ్ ఆన్ అంటే ఉండు. హ్యాంగ్ అప్ అంటే ఫోను పెట్టెయ్. ట్రైనింగ్ మొదటి వారంలో ఈ రెండూ తారుమారు చేసి రాసినవాళ్ళలో సుందరి ఒకతె. హ్యాంగ్ అంటే వేలాడటమని తెలుసు, అప్ అంటే పైకని తెలుసు, రెండూ కలిపితే పైన వేలాడటం కావాలి కదా, ఫోను కింద పెట్టడం ఎలా అవుతుంది? ట్రైనింగ్ ఇచ్చిన జ్ఞానప్రసూన గారు నవ్వలేదు. ఆవిడ హైదరాబాదు నుంచి వచ్చింది. “క్రియ పడవ అనుకో సుందరీ, వెనక వచ్చే చిన్నమాట చుక్కాని. పడవ ఎంత పెద్దదైనా చుక్కాని ఎటు తిప్పితే అటే పోతుంది. గివ్ ఒకటే. గివ్ అప్ అంటే వదిలెయ్యడం, గివ్ ఇన్ అంటే లొంగిపోవడం, గివ్ అవే అంటే ఇచ్చెయ్యడం. పెద్దమాట చూసి మోసపోకు, చిన్నమాట చూడు” అంది. ఆ తర్వాత తెలుగులోనే, “మీదే ఊరు?” అని అడిగింది. “ఇక్కడే, ఖిదిర్‌పూరండి.” “అది కాదు, అసలు ఊరు?” “సిక్కోలు దగ్గరండి. నాను సూళ్ళేదు. ఓపాలి బయల్దేరాం గానీ సేరలేదు.” ఆ మాటకి జ్ఞానప్రసూన గారు ఏదో అడగబోయి ఆగిపోయింది. సుందరి కూడా చెప్పలేదు. చెప్పడానికి అక్కడ బోర్డు మీద టేక్ ఆఫ్, పుట్ ఆఫ్, కాల్ ఆఫ్ అని వరసగా రాసి ఉన్నాయి, అవి నేర్చుకోవాలి.

సుందరి బడికి వెళ్ళేనాటికి సర్కారు ప్రైమరీ తరగతుల్లో ఇంగ్లీషు తీసేసింది. పిల్లలు మాతృభాషలో చదవాలన్నారు. మంచి మాటే. కానీ ఖిదిర్‌పూర్ బడిలో మాతృభాష అంటే బంగ్లా. సుందరి మాతృభాష ఇంట్లో పొయ్యి దగ్గరే ఉండిపోయింది. ఇంగ్లీషు ఆరో తరగతిలో వచ్చింది, అప్పటికి నోరు బంగ్లాకి అలవాటు పడిపోయింది, ‘వి’ అన్నచోట ‘భి’ వచ్చేది. అంతకు ముందు విన్న ఇంగ్లీషంతా నాన్న తెచ్చిందే. నాన్న గురవయ్య డాకులో తాళ్ళ పని చేసేవాడు, ఓడ కదిలేటప్పుడు గట్టు మీది ఇనపగుంజ నుంచి మోకులు విప్పేవాడు. “లెట్గో!” అనేవాడు ఇంట్లో కూడా. అది ఒకే మాట అనుకునేవాడు. జడ రిబ్బను విప్పేటప్పుడు లెట్గో, గాలిపటం ఎగరేసేటప్పుడు లెట్గో, పట్టుకున్న జామకాయ ఇమ్మనడానికీ లెట్గో. అవి రెండు మాటలని, మొదటిదానికీ రెండోదానికీ మధ్య సందుందని సుందరికి ఎన్నో ఏళ్ళ తర్వాత తెలిసింది. తెలిశాక కూడా ఆ మాట విన్నప్పుడల్లా జడ విప్పుతున్న ముతక వేళ్ళే నెత్తి మీద తగిలేవి.

మెట్ల మీద చప్పుడు ఆగిపోయింది. పైన తలుపేదో తీసినట్టుంది. ముసలావిడ తనలో తను ఏదో అనుకుంటోంది, మాటలు అందవు, గొణుగుడు అందుతోంది. సుందరి తెర మీద ఆవిడ పేరూ ఇంటి చిరునామా చూస్తూ కూర్చుంది. ఒక్కతే ఉంటుందా? ఖాతా ఒక్క పేరు మీదే ఉంది. ఇంతకు ముందు ఇద్దరి పేర్లూ ఉండి, ఒకటి తీసేసినట్టు కింద చిన్న అక్షరాల్లో ఉంది. భర్త పోయుంటాడు. ఇంగ్లీషువాళ్ళు పాస్డ్ అవే అంటారు, పక్కనుంచి నడుచుకుంటూ దూరమైనట్టు. పాస్డ్ అవుట్ అంటే మాత్రం స్పృహ తప్పడం, చదువు ముగించడం కూడా అదే మాట. ఇంత చిన్న తేడాతో మనిషి బతికీ ఉండొచ్చు, పోనూ పోవచ్చు. మనకి మాత్రం అన్నిటికీ ఆ ‘పోవడం’ ఒకటే. గిన్నె విరిగిపోయింది, చీర మాసిపోయింది, మాట మర్చిపోయాను, అలిసిపోయాను, నాన్న పడిపోయాడు, చచ్చిపోయాడు. ప్రతి క్రియకీ వెనక ‘పోవడం’ వచ్చి నిలబడుతుంది. బంగ్లావాళ్ళకీ అంతే, పొడే గేలో, మొరే గేలో అంటారు. ఏది జరిగినా మన దగ్గరనుంచి ఏదో ఒకటి వెళ్ళిపోతేనే జరిగినట్టు.

అప్పుడు ఆ చప్పుడు వచ్చింది. గట్టిగా ఏమీ కాదు. తడిబట్టల మూట నేల మీద వేసినట్టు ఒక మొద్దు చప్పుడు, దాని వెంట చిన్న వస్తువేదో దొర్లుకుంటూ మెట్టు దిగి, ఇంకో మెట్టు దిగి ఆగింది. సుందరి నేర్పించిన గొంతుతో “మిసెస్ ప్రిచర్డ్? ఆర్ యు దేర్?” అంది. గడియారం వినిపించింది. మళ్ళీ పిలిచింది. బిల్లు కింద పడేసి ఉంటుంది, వెతుక్కుంటూ ఉంటుంది, ముసలివాళ్ళకి వంగి లేవడానికి చాలాసేపు పడుతుంది అనుకుంది. అలా అనుకోవడం తేలిక. కింద వంటింట్లో కెటిల్ సన్నగా కూతపెట్టడం మొదలుపెట్టింది. మొదట దోమలా, తర్వాత పిట్టలా, తర్వాత రైలింజనులా. ఎవరో ఒకరు వచ్చి దాన్ని దించాలి. పుట్ ఆన్ అంది కదా ఆవిడే, పెట్టినవాళ్ళే వచ్చి టేక్ ఆఫ్ చెయ్యాలి. రాలేదు. కూత సాగుతూనే ఉంది. సుందరి తెర మీద కాల్ తాలూకు అంకెలు పచ్చరంగు నుంచి పసుపుకి, పసుపు నుంచి ఎరుపుకి మారాయి.

టీమ్ లీడరు దీపాంకర్ దా ఆ ఎరుపు తన తెర మీద చూసి లేచి వచ్చాడు. చెడ్డవాడు కాదు. బెహాలా నుంచి వస్తాడు, రోజూ ఎవరో ఒకరికి మిఠాయి తెస్తాడు. కానీ సుందరి ఇంకా ప్రొబేషన్‌లో ఉంది, కాల్ ఎంతసేపు సాగిందన్నదే ముందు చూస్తారు. “కీ హొలో?” అన్నాడు, ఏమైందని. హ్యాంగ్ ఆన్ అని చెప్పి వెళ్ళిందని సుందరి చెప్పింది. “ముసలివాళ్ళు మర్చిపోతారు సుందరీ. పక్కింటావిడ వచ్చుంటుంది, కబుర్లలో పడుంటుంది. కాట్ కొరో. కట్ చేసి, తిరిగి ఫోను చెయ్యమని మెసేజి పెట్టు.”

“కెటిల్ కూస్తోంది దాదా. ఎవరూ దించట్లేదు.”

“కెటిలా?”

సుందరి హెడ్‌సెట్ తీసి అతని చెవికి పెట్టింది. అతను కాసేపు విన్నాడు. వాళ్ళింట్లో కూసేది ప్రెషరు కుక్కరే కాబట్టి ముందు అర్థం కాలేదు, తర్వాత మొహం మారింది. “ఇది మన పని కాదు” అన్నాడు నెమ్మదిగా. “మనం ఇక్కణ్ణుంచి వాళ్ళ అంబులెన్సుకి చెయ్యలేం. ఇంగ్లండు డెస్కుకి చెప్పాలంటే మేనేజరు చెప్పాలి. ఏమీ కాకపోతే నా మీదికొస్తుంది, నీ మీదికీ వస్తుంది.” హెడ్‌సెట్ తిరిగి ఇచ్చాడు. “పెట్టెయ్యమనే చెప్తారు.”

“నేను పెట్టను దాదా” అంది సుందరి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఇప్పటిదాకా ఈ ఆఫీసులో ఎవరికీ ఎదురు చెప్పలేదు. అతను ఆమెను చూసి, తల గోక్కుని, మేనేజరు అద్దాల గదివైపు వెళ్ళాడు.

వెళ్ళాడు, వస్తాడు. వచ్చేదాకా కూత వింటూ ఉండాలి. కూత వింటుంటే కళ్ళముందుకి హౌరా స్టేషను వచ్చేస్తుంది, రానివ్వకూడదనుకున్నా వచ్చేస్తుంది. ఎనిమిదేళ్ళప్పుడు, మేనమామ కూతురి పెళ్ళికి, మొదటిసారి సొంతూరికి. అమ్మ సన్యాసమ్మ కొత్త చీర మడతలు విప్పకుండానే కట్టుకుంది, ఇస్త్రీ గీతలు వీపు మీద అలాగే ఉన్నాయి. పగటి రైలు, కిటికీ పక్క సీటు దొరికింది. నాన్న సామాను బల్లకింద తోసి, మరచెంబు పట్టుకుని “ఉండమ్మా, నీల్లట్టుకుని ఇప్పుడే వత్తాను” అన్నాడు. వెళ్ళొస్తానని కూడా కాదు, వస్తాననే అన్నాడు. మనవాళ్ళు వెళ్తూ వెళ్తూ వస్తానంటారు. బంగ్లావాళ్ళూ గుమ్మం దాటుతూ ‘ఆషి’ అంటారు, వస్తానని. వెళ్తున్నాననడం మంచిది కాదని ఇద్దరికీ తెలుసు. చెప్పాలంటే ఈ ఊళ్ళో సుందరి రెండు భాషల్లోనూ అందరూ రావడమే విని పెరిగింది. నాన్న జనంలో కలిశాడు, తెల్ల చొక్కా వీపు కాసేపు కనిపించింది, అప్పుడు ఇంజను కూత వేసింది. రైలు మెల్లగా కదిలింది. “నాన్న ఎక్కలేదమ్మా” అంది సుందరి. “ఎనక పెట్టెలో ఎక్కుంతాడు. డాకులో ఓడలెక్కినోడికి రైలెక్కడం రాదేటి?” అంది అమ్మ. నెత్తి మీద రైలు ఆపే ఎర్ర గొలుసు ఉంది. సుందరి దాని వైపు చూసింది. ఎదుటి సీటు పెద్దాయన అది ఊరికే లాగితే జుల్మానా అన్నాడు. అమ్మ ఆ మాట విని, సుందరిని లాక్కుని పక్కన కూచోబెట్టుకుంది.

రైలు ఊరు దాటింది, చెరువులు వచ్చాయి, తామరాకులు వచ్చాయి. అమ్మ మాటిమాటికీ పెట్టె చివరి తలుపువైపు చూసేది. ఎవరైనా అటునుంచి వస్తే సీట్లో కదిలి చోటు చేసేది, వాళ్ళు దాటిపోయాక మళ్ళీ అదే చోటు మీద చెయ్యి వేసి ఉంచేది. తినడానికి తెచ్చింది విప్పలేదు. ఖరగ్‌పూర్ వచ్చాక మూటలూ సుందరినీ దింపి, రైలు ఒక కొసనుంచి ఇంకో కొసదాకా ప్రతి కిటికీ దగ్గరా “గురవయ్యా, ఓ గురవయ్యా” అని పిలుచుకుంటూ నడిచింది. అమ్మ నాన్నని పేరు పెట్టి పిలవడం సుందరి అదే మొదటిసారి వినడం. రైలు వెళ్ళిపోయింది. వాళ్ళు ఇంకో రైల్లో వెనక్కి వచ్చారు. దారిలో సుందరి నిద్రపోయింది. ఆ తర్వాత జ్ఞాపకంలో ఉన్నది వాళ్ళ వాడలో కామాక్షమ్మ పిన్ని ఇల్లు, పిన్ని పెట్టిన అటుకులు, ఎవరూ తన మొహంలోకి చూడకపోవడం. నీళ్ళ కుళాయి దగ్గర గుండె ఆగిందని, జేబులో డాకు పాసు చూసి మనిషిని గుర్తుపట్టారని తర్వాత పెద్దవాళ్ళ మాటల్లో ముక్కలు ముక్కలుగా తెలిసింది. అమ్మ మాత్రం ఏనాడూ చెప్పలేదు. అలీపూర్ వైపు ఇళ్ళలో వంటపనికి కుదిరింది. హిందీ నేర్చుకుంది, బంగ్లా నేర్చుకుంది, తను తినీ తినకా సుందరిని బి.ఏ. చదివించింది. ఆ పగలు మాత్రం ఒంటిమీది నుంచి ఎక్కడో దింపి పెట్టేసినట్టు ఉండేది. అడిగితే ఏమవుతుందోనని సుందరీ అడగలేదు.

కెటిల్ కూత సన్నబడింది. ఆఖరికి దించారేమో అని ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. కాదు. ఎవరి అడుగులూ లేవు, మూత తీసిన చప్పుడూ లేదు. కూత వణికి, బుసగా మారి, ఆ బుస కూడా ఆగిపోయి, దాని చోట ఒక చిటపట మొదలైంది. నీళ్ళు ఇగిరిపోయాయి. ఖాళీ కెటిల్ మంట మీద ఉంది. సుందరి లేచి నిలబడింది, హెడ్‌సెట్ తీగ ఆమెను లాగి ఆపింది. “దీపాంకర్ దా!” అని హాలంతా వినిపించేలా అరిచింది. అరల పైనుంచి తలలు లేచాయి. ఒక్కొక్కరి చెవిలో ఒక్కొక్క ఇంగ్లండు మాట్లాడుతూనే ఉంది. “నీళ్ళైపోయాయి దాదా! ఆవిడ పడిపోయింది, నేను విన్నాను, పడిన చప్పుడు విన్నాను!” బంగ్లాలో మొదలైన ఆ మాట ఏ భాషలో ముగిసిందో ఆమెకే తెలియదు. అద్దాల గదిలో మేనేజరు ఫోను తీయడం కనిపించింది. దీపాంకర్ దా పరుగున వచ్చి తెర మీది చిరునామా బిగ్గరగా చదవడం, అతని పక్కనెవరో దాన్నే ఇంకో ఫోనులో అప్పగించడం వినిపించింది. ఎప్పుడు వచ్చిందో జ్ఞానప్రసూన గారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

“ఇంగ్లండు డెస్కు వాళ్ళు అంబులెన్సుకి చెప్పారు. ఫైరు వాళ్ళకి కూడా. వస్తున్నారు” అంది. “నువ్వు లైన్ మీదే ఉండు. మాట్లాడుతూ ఉండు.”

“ఏటి మాటాడమంటారు?”

“ఏదైనా. ఆవిడకి వినపడుతుందేమో.”

సుందరి మాట్లాడింది. హోల్డ్ ఆన్ మిసెస్ ప్రిచర్డ్, దే ఆర్ ఆన్ దెయిర్ వే. డోంట్ గివ్ అప్. నేర్చుకున్న చిన్నమాటలన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. ఆన్, అప్, త్రూ, బ్యాక్, ఏవి ఎక్కడ పెట్టిందో ఆలోచించలేదు. కాసేపటికి అవి అయిపోయాయి. డబ్బా అడుగు తగిలినట్టైంది. చిటపట వినిపిస్తూనే ఉంది. అప్పుడు నోరు దానంతటదే తిరిగింది. “ఉండమ్మా. ఒత్తన్నారు. ఒచ్చేత్తన్నారు. బయపడకు. నానెక్కడికీ ఎల్లను, ఇక్కడే ఉన్నాను. నీ ఇల్లంతా నాకినబడతంది, గడియారం ఇనబడతంది. నువ్వు కదలకు, ఒత్తన్నారు.” జ్ఞానప్రసూన గారు ఆపలేదు. రికార్డవుతున్న కాల్‌లో ఇంగ్లీషు తప్ప ఇంకో మాట దొర్లకూడదని నేర్పింది ఆవిడే. సుందరి మోచేతి మీద చెయ్యి వేసి, బల్ల వైపే చూస్తూ కూర్చుంది. దీపాంకర్ దా వెనక నిలబడ్డాడు. అద్దాల బయట వంతెన మీద బస్సులు చప్పుడు లేకుండా వెళ్తున్నాయి.

తలుపు మీద దెబ్బ పడింది. ఇంకోటి పడింది. చెక్క పగిలింది, బూట్ల చప్పుళ్ళు హాల్లోకి వచ్చాయి, మగగొంతులు ఒకదాని మీదొకటి. ఎవరో దగ్గుతూ వంటింటి వైపు పరిగెత్తాడు, చిటపట ఆగింది. కిటికీ భళ్ళున తెరిచారు. మెట్ల మీదనుంచి ఒకతను ఏదో అరిచాడు. తర్వాత చాలాసేపు మాటలు అందలేదు. అందరూ ఒక్కచోట వంగి మాట్లాడుకుంటున్నట్టు గొణుగుడే. సుందరి ఆ గొణుగుడులో ‘అవే’ అన్న ముక్క ఎక్కడైనా ఉందేమోనని వెతుకుతోంది. పాస్డ్ వినబడకపోయినా పరవాలేదు, వెనక ‘అవే’ మాత్రం ఉండకూడదు. అప్పుడెవరో బల్ల మీది రిసీవరు ఎత్తాడు, శ్వాస తగిలింది. “ఎవరు లైన్లో?” అని ఇంగ్లీషులో అడిగాడు. గ్యాసు కంపెనీ నుంచి అని, ఇంతసేపూ ఇక్కడే ఉన్నానని చెప్పింది. “ఆవిడ ఎలా ఉన్నారు?” అంది.

“షీజ్ కమ్ టు” అన్నాడతను.

సుందరి ఆగింది. కమ్ టు. అతను ఇంకా చెప్తాడని చూసింది. టు తర్వాత ఏదో ఒకటి ఉండాలి. కమ్ టు అని ఎక్కడికి? ఆఖరికా? హాస్పిటల్‌కా? ఈ ముక్క బోర్డు మీద లేదు. లేక ఉన్నా తను రాసుకోలేదు. చుక్కాని ఎటు తిరిగిందో తెలియక పడవ నీళ్ళ మధ్యలో నిలబడిపోయింది. “కమ్ టు... వేర్, సర్?” అంది.

అతను నవ్వుతాడేమో అనుకుంది. అతను నవ్వలేదు. ఆ ప్రశ్న ఎంత దూరం నుంచి వచ్చిందో అప్పుడే తెలిసినట్టు, ప్రతిమాటా విడదీసి చెప్పాడు. ఎక్కడికీ కాదమ్మా, ఆవిడ కళ్ళు తెరిచింది, మెలకువగా ఉంది, తుంటి విరిగినట్టుంది, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం, ఇంక మేం చూసుకుంటాం, నువ్వు ఫోను పెట్టెయ్యొచ్చు.

“తెలివొచ్చిందటండి” అంది సుందరి జ్ఞానప్రసూన గారితో. అని కాసేపు ఆ మాటనే చూస్తూ ఉండిపోయింది. వాళ్ళ భాషలో మనిషే వస్తుంది. మనకేమో మనిషి కదలకుండా ఉంటుంది, పోయిన తెలివే తిరిగి మనిషిని వెతుక్కుంటూ వస్తుంది. ఎవరు ఎవరి దగ్గరికి వస్తే ఏం, వచ్చారు. జ్ఞానప్రసూన గారు కళ్ళద్దాలు తీసి చీరకొంగుతో చాలాసేపు తుడిచింది. దీపాంకర్ దా గొంతు సవరించుకుని, మేనేజరు రేపు కాల్ రికార్డు వింటానన్నాడని, ఏమంటాడో చెప్పలేనని, ఇప్పుడు మాత్రం వెళ్ళి టీ తాగమని అన్నాడు. తర్వాత జరిగింది ఏమిటంటే, సుందరి ప్రొబేషన్ ఇంకొంత కాలం పొడిగించారు, మెచ్చుకుంటూ ఎవరూ ఏమీ రాయలేదు, మిసెస్ ప్రిచర్డ్ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిందో లేదో తెలిసే దారే లేకపోయింది. ఆవిడ ఖాతా మళ్ళీ ఎప్పుడూ సుందరి తెర మీదికి రాలేదు.

ఆ రోజు సుందరి టీ తాగలేదు. నడవా చివర ఉద్యోగులు ఇంటికి మాట్లాడుకునే ఫోను ఉంది. కామాక్షమ్మ పిన్ని ఇంటికి చేసి, అమ్మని పిలవమంది. పిన్ని ఇంట్లో టీవీ మోగుతోంది, ఎవరో దాన్ని తగ్గించారు. అమ్మ ఆయాసంతో వచ్చింది.

“ఏటే, ఈయేలప్పుడు పోనేటి? ఒంట్లో బాగుందా?”

“బాగానే ఉన్నానమ్మా. ఒకటడగాల.” గోడకి ఆనుకుంది. “నాన్న పడిపోయినప్పుడు పక్కనెవులైనా ఉన్నారా?”

అమ్మ ఫోను పెట్టేస్తుందేమో అనిపించింది. “ఉన్నాడు” అంది అమ్మ. “ఒక కూలీ. ఎర్రసొక్కా. సాయంత్రం మనమెల్లేసరికి పోలీసోల గది బయట కూకునున్నాడు. పొద్దుట్నించీ పని మానేసి అక్కడే ఉన్నాడంట. మీ నాన్న తల ఒళ్ళో ఎట్టుకున్నాడంట. నువ్వు నా బుజాన నిద్దరోతన్నావు.”

“నీతో ఏటన్నాడు?”

“సాలాసేపు సెప్పేడే. నా సెయ్యట్టుకుని సెప్పేడు. మీ నాన్న ఆకర్ని ఏటన్నాడో అదే సెప్తన్నాడని తెలస్తానే ఉంది. మరి నాకు అప్పటికి హిందీ ఏటొచ్చు, బజార్లో బేరమాడే మాటలు తప్ప? తల ఊపేను. అంతే. తరవాత ఇళ్ళల్లో పనికెల్లి ఆ బాస నేర్సుకున్నాను. నేర్సుకున్నాక రోజూ గుర్తు సేసుకునేదాన్ని, ఆడేటన్నాడో, ఆడేటన్నాడోనని. మాటలు పోనాయే సుందరీ. ఒక్కటీ నిలవలేదు.”

నడవాలో ఎవరో నవ్వుకుంటూ దాటిపోయారు. సుందరి రిసీవరు రెండు చేతులతో పట్టుకుంది.

“గొంతు మాత్తరం గుర్తుంది” అంది అమ్మ. “అలాగే ఉంది సెవిలో. సెడ్డమాట సెప్పేవోడి గొంతు కాదే అది.”